ఎడమ చెవిని వదులుకోవడం

మొదట నా ఫోను పాడైందనుకున్నాను. అవతలి మనిషి గొంతు వినిపించేది గాని మాట తెలిసేది కాదు. పది రోజులు ఓపిక పట్టి, మా సోలాపూర్‌లోని కుంఠా నాకా కూడలి దగ్గర ఫోన్లు బాగుచేసే దుకాణానికి తీసుకుపోయాను. దుకాణం ఆయన దాన్ని విప్పి, బ్రష్షుతో తుడిచి, ఒక నంబరు నొక్కి విని, "తాయీ, ఇందులో ఏ ఖరాబీ లేదు" అని, మరాఠీలో అక్కా అని పిలుస్తూ నా చేతికిచ్చాడు. నేను ఎడమ చెవికి పెట్టుకుని, "అదే గొణుగుడు, చూడు" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, ఫోను తీసుకుని నా కుడి చెవి దగ్గర పెట్టాడు. రీచార్జి గురించి చెప్పే అమ్మాయి గొంతు గలగలా వినపడింది.

"చెవి చూపించుకోండి" అన్నాడు. బాగుచేసిందేమీ లేదని పైసలు కూడా తీసుకోలేదు.

అయినా ఆరు నెలల పాటు నేను చెవి ఎవరికీ చూపించుకోలేదు. మా ఇల్లు భవాని పేటలో. కింద నాలుగు సాంచాలు ఉంటాయి. పవర్‌లూమ్‌లను మేము అలాగే అంటాం. పైన రెండు గదుల్లో మేముంటాం. టవళ్లు నేసే ఆ సాంచాలను మా ఆయన చూసుకుంటాడు, నేను పక్కనే మిషన్ మీద కండెలకు నూలు చుడతాను. పెళ్లయి వచ్చినప్పటి నుంచి, అంటే ఇరవై నాలుగేళ్లుగా, ఆ మోతలోనే ఉన్నాను. మా పేటలో యాభై దాటిన మగవాళ్లెవరూ మెల్లగా మాట్లాడరు. మా ఆయనకు రెండు చెవులూ సగం పోయాయి. మా దగ్గర చెవుడు జబ్బుల్లోకి రాదు, తల నెరవడం లాంటిదే. నాకు కాస్త తొందరగా వచ్చిందనుకున్నాను.

పైగా సాంచాల దగ్గర గొంతుతో పని లేదు. పెదాలు చూసి మాట్లాడుకుంటాం. శబ్దం లేకుండా నోరు బాగా కదిలిస్తే చాలు, షెడ్డు ఆ చివర ఉన్న మనిషికి మాట అందుతుంది. పెళ్లైన కొత్తలో మా ఆయన నాతో మాట్లాడిందంతా అలాగే. అందుకే, ఒక చెవి పనిచేయడం మానేసిన సంగతి నాకే సరిగ్గా తెలియలేదు. ఎదురుగా ఉన్న మనిషి నోరు కనిపిస్తే, నేను విన్నాననే అనుకునేదాన్ని.

పట్టుకున్నది మా అత్తమ్మ. ఆమె పైగదిలో కిటికీ పక్కన కూర్చుని బీడీలు చుడుతుంది. అక్కడి నుంచి మెట్లు కనిపిస్తాయి. నేను కండెల బుట్ట ఎత్తుకుని దిగుతుంటే రెండుసార్లు గోడకు ఒరిగానట. మూడోసారి చేతిలో బీడీ ఆకు పక్కన పెట్టి పిలిచింది.

"ఏంది బిడ్డా, గట్ల తూలుతున్నవ్? తిన్నవా లేదా?"

"తిన్న అత్తమ్మా. కాలు జారింది."

"మూడు దఫాలు కాలు జారదే. ఎడమ దిక్కే పోతున్నవ్ ప్రతిసారి. రేపు దవాఖానకు పో."

హోట్గి రోడ్డులో ఉన్న చెవి డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన నా చెవుల పరీక్ష చేయించి, కాగితం మీద వచ్చిన గీతలను చాలాసేపు చూశాడు. తర్వాత, తోడుగా వచ్చిన మా ఆయనను కూడా గదిలోకి పంపి పరీక్ష చేయించాడు. రెండు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టి మరాఠీలో చెప్పాడు.

"మోత రెండు చెవులకూ ఇంచుమించు ఒకేలా తగులుతుంది. మీ ఆయన గీతలు చూడండి, రెండూ కలిసి దిగాయి. మీకు కుడి చెవి కొంచెమే తగ్గింది, ఎడమది మాత్రం బాగా కిందికి పోయింది. ఇది సాంచాల వల్ల వచ్చింది కాదనిపిస్తోంది. స్కాన్ తీయిద్దాం."

స్కాన్‌లో బయటపడింది. చెవి నుంచి మెదడుకు పోయే నరం మీద గడ్డ. పెద్ద రేగుపండంత ఉంది. క్యాన్సర్ కాదని, చాలా ఏళ్లుగా మెల్లగా పెరుగుతూ వచ్చి ఉంటుందని, కానీ ఇప్పుడు మెదడుకు ఆనుతోందని, వదిలేయకూడదని డాక్టరు చెప్పాడు. పుణెలో ఇలాంటి ఆపరేషన్లు చేసే సర్జన్‌కు ఉత్తరం రాసిచ్చాడు.

ఇంటికి వచ్చి చెబితే అత్తమ్మ నమ్మలేదు. "గింత చెవుల గంత గడ్డ ఏడ పట్టిందే?" అని నా చెవి పట్టుకుని లోపలికి చూసింది.

పుణె సర్జన్ ఆడమనిషి, ఇంచుమించు నా వయసే. నేను కళ్లు కాకుండా నోరు చూస్తున్నానని రెండు నిమిషాల్లోనే పట్టేసి, మాస్కు కిందికి లాగి మాట్లాడింది. మా అమ్మాయి కూడా ఉంది మాతో. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. మేము మరిచిపోతామని ఒక నోటుబుక్కు తెచ్చుకుంది.

కొందరికి గడ్డ చిన్నగా ఉంటే ఏమీ చేయకుండా ఏడాదికోసారి చూస్తూ ఉంటారట. కొందరికి రేడియేషన్ ఇస్తారట. నా గడ్డ సైజుకూ, మెదడుకు ఆనిన తీరుకూ ఆపరేషనే మంచిదని తన అభిప్రాయం చెప్పింది. తర్వాత కాగితం మీద తలకాయ బొమ్మ గీసింది.

"లోపలికి రెండు దార్లున్నాయి తాయీ. ఒకటి, చెవి వెనక ఎముకను తొలుచుకుంటూ లోపలి చెవి గుండా పోవడం. అలా పోతే ఎడమ వైపు వినికిడి పూర్తిగా పోతుంది. అందులో అనుమానం లేదు. కానీ ముఖాన్ని కదిలించే నరం నాకు ముందే దొరుకుతుంది. మెదడును పక్కకు జరపాల్సిన పని ఉండదు. రెండోది, తల వెనక వైపు నుంచి పోవడం. అందులో వినికిడి నరాన్ని కాపాడటానికి ప్రయత్నించవచ్చు. ప్రయత్నం మాత్రమే, మాట ఇవ్వలేను. గడ్డ ఇంత ఉన్నప్పుడు చాలామందికి మిగలదు. ముఖం నరానికి ముప్పు మాత్రం రెండు దార్లలోనూ ఉంది."

"ముఖం నరానికి దెబ్బ తగిలితే?" అని మా ఆయన అడిగాడు.

"ఆ వైపు ముఖం జారుతుంది. కన్ను మూతపడదు, పెదవి కదలదు. చాలాసార్లు కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. అరుదుగా అలాగే ఉండిపోతుంది. నేను నాకు చేతనైనంత చేస్తాను. రెండు దార్లూ నాకు అలవాటే. మీరు ఆలోచించుకుని రండి. రెండు వారాలు ఆగితే మునిగిపోయేదేమీ లేదు."

ఆ రెండు వారాలు మాకు బాగా పొడుగ్గా గడిచాయి. డాక్టరే ఒకటి తేల్చి చెప్పి ఉంటే బాగుండేదని నేను ఎన్నిసార్లు అనుకున్నానో. మా ఆయన మాత్రం రైల్లోనే తేల్చేశాడు, రెండో దారే పోవాలని. ఇంట్లో అన్నం ముందు మళ్లీ అదే మాట ఎత్తాడు.

"ఉన్న చెవిని చేతులార తీపిచ్చుకుంటరా ఎవరన్న? డాక్టరమ్మ కోశిష్ చేస్త అంటున్నది గదా. చెయ్యనీ."

"కోశిష్ చేసినా మిగల్దని గూడ చెప్పింది" అన్నాను.

"నీకు తెల్వదే చెవుడంటే ఏందో. నాకు తెల్సు." ఆయన పళ్లెంలో చెయ్యి ఆపాడు. "బిడ్డ బడిల భాషణ్ చేసిన్నాడు నేను ముందటి వరుసల కూసున్న. అది మొగం దించి కాగితం చూసుకుంట చదివింది. పెదాలు కనబడలే. అందరు చప్పట్లు కొడితే నేను గూడ కొట్టిన. ఒక్క ముక్క ఇనలే."

ఆ భాషణం జరిగి ఆరేళ్లయింది. ఇంటికి వచ్చి ఆయన ఎంత బాగా మాట్లాడావని బిడ్డను మెచ్చుకున్నాడు. మేమిద్దరం ఆ మాట నమ్మాం. మా అమ్మాయి లేచి ఆయన పళ్లెంలో ఇంకొంచెం పప్పు వేసింది.

ఆ రోజు నుంచి నాకు ఆయన మాటే నిజమనిపించసాగింది. కానీ మనసులో ముఖం భయం పోలేదు. మా అమ్మాయి ఫోనులో వెతికి కొందరి ఫొటోలు చూసింది, నాకు చూపించకుండా మూసేసింది. నేను అద్దం ముందు నిలబడి ఎడమ పెదవిని వేలితో కిందికి లాగి చూసుకున్నాను. అందం గురించిన బాధ లేదని అబద్ధం చెప్పను, ఉంది. అంతకంటే ఎక్కువగా వేరే భయం పట్టుకుంది. మరునాడు షెడ్డులో సాంచాలు నడుస్తుండగా, మూతి ఎడమ సగాన్ని అరచేత్తో నొక్కి పట్టుకుని, మా ఆయనకు "నూలు అయిపోవచ్చింది" అని చెప్పాను. ఆయన కనుబొమలు ముడిచాడు. మళ్లీ చెప్పాను. "నీళ్లా?" అని పెదాలతో అడిగాడు. మూడోసారి కూడా తెలియలేదు. దగ్గరికి వచ్చి, నా చెయ్యి మూతి మీది నుంచి తీసి, ఎందుకలా చేస్తున్నానో అప్పుడు అర్థమై, సాంచా ఆపి బయటికి వెళ్లి కూర్చున్నాడు.

ఇద్దరం అలా చెరొక భయంతో ఉన్నాం. చిక్కు విప్పింది మా అమ్మాయి.

"అమ్మా, బాపూ, మీరు ఇద్దరు లేనిపోని పంచాయితి పెట్టుకుంటున్నరు. ఆ చెవికి ఇప్పుడు మాటలు ఎంత తెలుస్తున్నయో ముందుగాల తెల్సుకోవాలె గదా. డాక్టరమ్మ మాటల పరీక్ష రాసింది. అది చేపిచ్చుకున్నంక మాట్లాడుదాం."

పుణెలో ఆ పరీక్ష గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో చేశారు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, కుడి చెవిలో హోరుమనే శబ్దం వదిలి, ఎడమ చెవిలో ఒక్కో మాట వినిపించారు. విన్న మాటను నేను తిరిగి చెప్పాలి. రికార్డు చేసిన మరాఠీ మాటలు అవి. గొంతు వినిపిస్తోంది, మాట పట్టుబడటం లేదు. నోటికొచ్చింది చెబుతూ పోయాను. అయ్యాక, పరీక్ష చేసే అమ్మాయి కాగితం మీద వరుసగా అడ్డగీతలు పెట్టింది. ఆ గీతలు నాకు నచ్చలేదు.

"నాకు మరాఠీ వస్తుంది గాని మేము ఇంట్లో తెలుగు మాట్లాడతాం. తెలుగు మాటలైతే తెలుస్తాయి" అన్నాను. నిజంగానే అలా నమ్మాను.

ఆమె విసుక్కోలేదు. తన దగ్గర తెలుగు మాటల పట్టిక లేదని, మీ అమ్మాయి చెబితే ఒకసారి విందామని అంది. మా అమ్మాయిని మైకు ముందు కూర్చోబెట్టి, నోటికి అడ్డంగా అట్ట పట్టుకోమంది. మా అమ్మాయి మా ఇంట్లో రోజూ దొర్లే ఇరవై మాటలు నోటుబుక్కులో రాసుకుని మొదలుపెట్టింది.

అది నా కన్నకూతురి గొంతు. ఇరవై ఏళ్లుగా వింటున్న గొంతు. గొంతు ఆమెదే అని తెలుస్తోంది, అంతకు మించి ఏమీ తెలియడం లేదు. ఆమె "గిన్నె" అంటే నేను "ఎండ" అన్నాను. "బువ్వ" అంటే "గువ్వ" అన్నాను. "చీపురు" అన్నప్పుడు ఏమీ చెప్పలేక ఊరుకున్నాను. ఇరవైలో రెండు సరిగ్గా చెప్పాను, వాటిలో ఒకటి ఊహించి చెప్పిందే. తర్వాత కుడి చెవికి పెట్టారు. పదిహేడు వచ్చాయి.

గాజుకు అవతల మా ఆయన నిలబడి అన్నీ చూస్తున్నాడు. నేను బయటికి వచ్చేసరికి ఆయన ముఖంలో వాదన లేదు.

"ఏమీ మిగల్లేదు గదా ఆ చెవుల" అన్నాడు.

"లేదు."

"మరి గిన్ని దినాలు నువ్వు నాతోని మాట్లాడుకుంట ఎట్లున్నవే?"

"నీ నోరు చూసి."

ఆయన నవ్వాడు. నాకు ఏడుపు రావాల్సింది, రాలేదు. పదిహేను రోజులుగా మోస్తున్న బరువు ఎవరో దించినట్టు తేలికైంది. ఆ చెవి ఎప్పుడో వెళ్లిపోయింది. దాన్ని కాపాడుకోవాలని ముఖాన్ని పణంగా పెట్టే అవసరం లేదు. సర్జన్ ఆ కాగితం చూసి, తనకూ మొదటి దారే సరైనదనిపిస్తోందని, కానీ ఆ మాట మా నోటి నుంచి రావాలని ఎదురుచూశానని చెప్పింది. "చెవి గుండానే పోండి. మొహం మాత్రం జాగ్రత్త" అన్నాను. సంతకం పెట్టి కాగితం ఆమె చేతికిచ్చాను.

ఆపరేషన్ తొమ్మిది గంటలు పట్టిందట. నాకు గుర్తున్నది మెలకువ వచ్చినప్పటిది. పైకప్పు గిర్రున తిరుగుతోంది. కళ్లు మూసినా తిరుగుడు ఆగదు. ఎవరెవరో మాస్కులు కట్టుకుని నా మీదికి వంగి ఏదో అంటున్నారు. నాకు ఒక్క మాటా తెలియక భయమేసింది. అప్పుడు సర్జన్ వచ్చి మాస్కు లాగి మాట్లాడింది.

"కళ్లు గట్టిగా మూయండి. ఆ. పళ్లు చూపించండి. ఇప్పుడు ఈల వేసినట్టు పెదాలు పెట్టండి."

అన్నీ చేశాను. ఆమె నా ముఖానికి దగ్గరగా వచ్చి రెండు వైపులా చూసింది. ఎడమ కన్ను కొంచెం ఆలస్యంగా మూసుకుంటోందని, అది సర్దుకుంటుందని, గడ్డ అంతా వచ్చేసిందని చెప్పింది. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి నొక్కింది.

మావాళ్లను లోపలికి రానివ్వలేదు. గాజు తలుపు దగ్గర మా ఆయన నిలబడ్డాడు. అక్కడి నుంచే నోరు కదిపాడు.

"ఎట్లున్నది?"

"కడుపుల తిప్పుతున్నది" అని నేను పెదాలతోనే చెప్పాను.

"ఇంకోసారి చెప్పు."

"కడుపుల తిప్పుతున్నది. గది గూడ తిరుగుతున్నది."

"మొత్తం తెలుస్తున్నదే నాకు! ఒక్క ముక్క పోతలేదు!" అన్నాడు. నేను చెప్పింది కక్కు వస్తోందనే మాట. ఆయన మాత్రం ఏదో శుభవార్త విన్నట్టు టవలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. తర్వాత టవలు తీసి, "సగళం ఠీక్" అన్నాడు. అంతా బాగుందని. నా పక్కనున్న నర్సు ఆయనను, నన్ను మార్చి మార్చి చూసి, మీరిద్దరూ ఏం చేస్తున్నారని అడిగింది. మాట్లాడుకుంటున్నామని చెప్పాను.

మూడు రోజులు గది తిరుగుతూనే ఉంది. నాలుగో రోజు నడిపించారు. తాగినవాళ్లలా కాళ్లు ఎడంగా వేసి నడిచాను. ఇంటికి వచ్చాక, రోజూ పొద్దున సాంచాలు మొదలు కాకముందే, అత్తమ్మ నన్ను గల్లీ చివరి దాకా నడిపించేది. ఆపరేషన్‌లో చెవి వెనక ఏర్పడిన ఖాళీని పూడ్చడానికి నా పొట్టలోంచి కొంచెం కొవ్వు తీసి పెట్టారు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి అత్తమ్మకు అదే ముచ్చట. దారిలో కనిపించిన ప్రతి ఆడమనిషినీ ఆపి చెప్పేది.

"మా కోడలి పొట్ట కొవ్వు తీసి చెవెనక పెట్టిండ్రే. నాకెంత ఉన్నది, అడిగితే ఇయ్యనా?"

నవ్వితే కుట్లు లాగేవి. అయినా నవ్వేదాన్ని, రెండు వైపులా. కంటిలో చుక్కలు రెండు నెలలు వేసుకున్నాను. తర్వాత వాటి అవసరం లేకపోయింది.

పోయింది పోయిందే. శబ్దం ఎటు నుంచి వస్తుందో నాకు తెలియదు. ఇంట్లో గిన్నె పడితే తప్పు గదిలోకి వెళ్లి వెతుకుతాను. కుంఠా నాకా దగ్గర రోడ్డు దాటేటప్పుడు మా ఆయన నా ఎడమ పక్కకు వచ్చి నడుస్తాడు. చెవిలో సన్నని గుయ్‌మనే మోత ఇంకా ఉంది, ఉంటుందని ముందే చెప్పారు. ఒక పెళ్లి భోజనాల్లో ఎడమ పక్కన కూర్చున్న పెద్దావిడ చాలాసేపు పలకరించిందట. నేను పలకలేదని, పొగరెక్కిందని తర్వాత వేరేవాళ్లతో అంది. ఆ రోజు ఇంటికి వచ్చి ఏడ్చాను. మరునాడు వాళ్లింటికి పోయి, ఆమె నా కుడి పక్కకు వచ్చేలా కూర్చుని, జుట్టు తీసి మచ్చ చూపించి సంగతంతా చెప్పాను. ఆమె రెండోసారి టీ పెట్టింది.

ఒక మంచి జరిగింది. హోట్గి రోడ్డు డాక్టరు ఆనాడే మా ఆయన చెవుల గురించి హెచ్చరించాడు. ఇప్పుడు ఆయన షెడ్డులో మోత ఆపడానికి చెవుల్లో స్పాంజి బిరడాలు పెట్టుకుంటాడు. మొదట్లో తోటి నేతగాళ్లు నవ్వారు. ఇప్పుడు వాళ్లలో ఇద్దరు మా అమ్మాయిని అడిగి తెప్పించుకున్నారు.

ఏడాదికి మళ్లీ స్కాన్ తీశారు. సర్జన్ తెర మీద బొమ్మ చూపించి, ఇక్కడ ఏమీ లేదు, ఇక్కడా ఏమీ లేదు, మళ్లీ వచ్చే ఏడాది రండి అంది. బయటికి వచ్చాక ముగ్గురికీ ఒక్కసారిగా ఆకలైంది. స్టేషను దగ్గర వడాపావ్‌లు తిని మధ్యాహ్నం రైలెక్కాం. మా ఆయన, మా అమ్మాయి కిటికీ సీటు కోసం గొడవపడుతున్నారు. నేను తల పక్కకు వాల్చి కుడి చెవిని బ్యాగుకు ఆనించాను. వాళ్ల గొడవ, రైలు చప్పుడు, టీ అమ్మేవాళ్ల కేకలు అన్నీ దూరమయ్యాయి. సోలాపూర్ వచ్చిందని భుజం కుదిపి లేపేదాకా హాయిగా నిద్రపోయాను.